అడుగుర్రి, చెప్త: ముందొచ్చిన జవాబు, మంచి జవాబు

ఎప్పుడొచ్చే పాసుబుక్కు పంచాయితీలు, పెండ్లి సంబంధాల గొడవలు ఈసారి పక్కకు పెట్టిన. ఎందుకంటే ప్రశ్న అడిగితే నలుగురు జవాబు రాసే సైట్లు, యాప్‌లు ఉన్నయి గదా, ఆడ పడే ఓట్ల గురించి, పేరు పక్కన పెరిగే పాయింట్ల గురించి ఒక్క నెలల ఐదు ఉత్తరాలొచ్చినయి. అన్నీ మన పాత పాలమూరు, నల్లగొండ జిల్లాలవే. పేర్లు రాయొద్దన్నరు కాబట్టి ఊర్ల పేర్లతోనే సరిపెడ్తున్న.

నల్లగొండ నుంచి ఒక తమ్ముడు: అన్నా, మాది పానగల్ దిక్కు. బీటెక్ అయ్యి ఏడాదాయె, ఇప్పుడు అమీర్‌పేటల హాస్టల్ల ఉండి జాబులకు తిరుగుతున్న. స్టాక్ ఓవర్‌ఫ్లో అని కోడ్ రాసెటోళ్లు ప్రశ్నలు అడుక్కునే సైటుంది, ఆడ ఎవరో పైథాన్ అనే కంప్యూటర్ భాషల తారీఖులు తేడా కొడ్తున్నయని అడిగిండు. నేను రెండు గంటలు కూసోని, కోడ్ నడిపి చూసి, ఎందుకు తప్పొస్తుందో గూడ విడమర్చి రాసిన, ఆడ అదే నా మొదటి జవాబు. మూడు ప్లస్‌లు పడ్డయి. నాకన్న ముందు ఎవడో రెండు లైన్లు కొట్టి పోయిండు, దానికి మూడొందల పైన ఉన్నయి. పైంగ నాకొకడు మైనస్ గూడ పెట్టిండు, ఎందుకో ఒక్క ముక్క చెప్పలే. నా జవాబుల తప్పుందా, వీళ్లల్ల తప్పుందా?

జవాబు: తమ్మీ, ముందుగాల లెక్క జూద్దాం. ఆడ ఖాతా తెరిస్తే ఒక పాయింటుతోని మొదలైతది, జవాబుకు ఒక్క ప్లస్ పడితే 10, మైనస్ పడితే 2 పోతయి, అంటే నీ కాడ ఇప్పుడు 29 ఉండాలె. ఇంకొకరి జవాబుకు ప్లస్ కొట్టనీకె 15 చాలు గనక ఆ హక్కు నీకొచ్చేసింది. వేరేటోళ్ల పోస్టు కింద కామెంట్ రాయాల్నంటే 50, మైనస్ పెట్టాల్నంటే 125 గావాలె. ఇగ అడిగినాయన "ఇదే నాకు పనికొచ్చింది" అని నీ జవాబుకు టిక్కు పెడితే ఒక్కసారే 15 వస్తుండె, ఆయన ఆ టిక్కు ఎప్పుడో ముందటోనికి పెట్టేసి ఉంటడు.

ఇగ అసలు ముచ్చట. ఆ మూడొందల మంది నీ జవాబు జదివి, ఆయనది జదివి, రెండు పక్కపక్కన పెట్టుకోని ఓటేసిన్రు అనుకుంటున్నవ్, నీకు మండేది అందుకే. గట్ల జరగదు. ఆఫీసుల పని ఆగిపోయి, మేనేజరు ఫోన్ మీద ఫోన్ చేస్తుంటే గూగుల్‌ల కొట్టి వచ్చినోడు పైన ఏదుంటే అది కాపీ చేస్తడు, నడిస్తే ప్లస్ కొడ్తడు, ట్యాబు మూస్తడు. కిందికి జరిపి చూసే ఓపిక ఎవరికుంటది. నీ జవాబు ఓడిపోలే తమ్మీ, పోటీలకే రాలే. ముందు తుపాకి తీసినోడిదే గెలుపు అని ఈ రోగానికి ఆ సైటోళ్లే సాన ఏండ్ల కిందనే పేరు పెట్టుకున్నరు.

ఇంకోటి ఏందంటే సులువు ప్రశ్నకే ఓట్లు ఎక్కువ పడ్తయి. తారీఖుల ముచ్చట ఎవలకైనా సమజైతది, సమజైనోడే ఓటేస్తడు. అదే మెమొరీ ఎక్కడ లీక్ అవుతుందో పట్టే గడ్డు ప్రశ్నకు ఒకడు వారం రోజులు తండ్లాడి జవాబు రాసినా, చదివి అవును కరెక్టే అనగలిగెటోళ్లే పదిమంది ఉండరు. ఊళ్లె గ్రామసభ జూసినవ్ గదా, లక్షల పైప్‌లైన్ బిల్లు ఐదు నిమిషాల్ల పాసైతది, బొడ్రాయి పండుగకు టెంటు ఏ రంగుది తేవాల్నన్న కాడ పొద్దుగూకుతది.

మూడోది గొర్రెలమంద సంగతి. ఇది నేనంటే మీకు కోపమొస్తది గని పరీక్ష పెట్టి చూసినోళ్లున్నరు. లెవ్ ముచ్నిక్, సినాన్ ఆరల్, షాన్ టేలర్ అని ముగ్గురు, జనాలు వార్తల మీద కామెంట్లు రాసి ఓట్లేసుకునే ఒక సైటుల ఐదు నెలలు పరీక్ష నడిపిన్రు, 2013ల సైన్స్ పత్రికల అచ్చయింది. 1,01,281 కామెంట్లు తీసుకున్నరు. కామెంటు పుట్టంగనే, అందుల ఏముందో చూడకుండనే, చీటి తీసినట్టు కొన్నిటికి ఉత్తుత్త ప్లస్ ఒకటి, కొన్నిటికి మైనస్ ఒకటి పెట్టిన్రు, తక్కినయి ఊకె వదిలేసిన్రు. ఆ ఒక్క దొంగ ప్లస్ పడ్డదానికి, తర్వాత మొదటగా చూసినోడు గూడ ప్లస్ కొట్టే అవకాశం 32 శాతం పెరిగింది, చివరికి మొత్తం స్కోరు సగటున 25 శాతం ఎక్కువొచ్చింది. ఒక్క ఓటు, అది గూడ ఎవడో నిజంగ వేసింది గాదు! దొంగ మైనస్ పడ్డ కాడ మాత్రం కథ వేరే ఉన్నది, అయ్యో పాపం అన్యాయం జేసిన్రు అని జనాలే వచ్చి ప్లస్‌లు కొట్టి సరిచేసిన్రు. అంటే నీకు పడ్డ మైనస్ తోని నీ జవాబేం మునగదు, అవతలోనికి మొదట్ల పడ్డ రెండు మూడు ప్లస్‌లే వాన్ని అంత ఎత్తున కూసోబెట్టినయి.

మనకు ఎలక్షన్లప్పుడు ఎగ్జిట్ పోల్స్ ఎప్పుడు జూపిస్తరు? ఆఖరు విడత పోలింగ్ అయిపోయినంకనే. ప్రజాప్రాతినిధ్య చట్టంల 126ఏ అని సెక్షనే ఉంది దానికి. బూత్ కాడ లైన్ల నిలబడ్డప్పుడు లోపట ఎవరికెన్ని పడ్డయో గోడ మీద బోర్డు కట్టి రాస్తుంటే ఎట్లుంటదో ఊహించుకో, ఈ సైట్లల్ల ప్రతి ఓటూ గట్ల బోర్డు చూసుకుంటనే పడ్తది.

మైనస్ పెట్టినోడు ఎందుకు చెప్పలేదంటే, చెప్పాల్నని రూలు లేదు. అయితే ఆడ జవాబుకు మైనస్ పెడితే పెట్టినోనికి గూడ ఒక పాయింటు పోతది, అంటే వాడు చేతిల ఉన్నది పెట్టి మరీ పెట్టిండు, ఊరికె కాదేమో. కోపం తగ్గినంక నీ జవాబు నువ్వే ఇంకోసారి చదువు. రెండు గంటలు కష్టపడ్డ జవాబులల్ల సాధారణంగ ఒకటే రోగముంటది, పనికొచ్చే లైను పదహారో పేరల ఉంటది. దాన్ని పైకి తే.

నా సంగతి గూడ ఒకటి చెప్త, నవ్వకుర్రి. కొన్నేండ్ల కింద ఒక తెలుగు ప్రశ్న-జవాబుల యాప్‌ల నాగార్జునసాగర్ గురించి ఎవరో అడిగితే మంచి ఊపు మీద రాసిన, 1955 డిసెంబర్ 10న నెహ్రూ పునాదిరాయి వేసిన కాడికెల్లి, చిన్నప్పుడు మా నాయన బండి మీద కూసోబెట్టుకోని గేట్లు ఎత్తినప్పుడు తీస్కపోయిన ముచ్చట, ఆ తుంపర మొకానికి కొట్టుడు, ఉడకపెట్టిన పల్లికాయలు కాయితం పొట్లంల తడిసిపోవుడు అన్నీ. మూడొందల చిల్లర ఓట్లు. అందుల గేట్లు 24 అని రాసిన. సాగర్‌కు ఉన్నయి 26. నాలుగో రోజు ఒకాయన కింద కామెంట్ పెట్టిండు, "అన్నా 26, నేను ఆడ పనిచేసిన" అని. ఆ కామెంటుకు నాలుగు ఓట్లు. నేను సిగ్గుపడి జవాబు సరిచేసిన, తప్పు రాసినానని కింద గూడ పెట్టిన. మూడొందల మందిల ఒక్కడన్న తిరిగొచ్చి తన ఓటు వాపసు తీసుకున్నడా? స్టాక్ ఓవర్‌ఫ్లోల అయితే ఓటేసిన ఐదు నిమిషాలకు అది గట్టిపడిపోతది, జవాబు మార్చినప్పుడే మళ్ల మార్చుకోనిస్తరు, గని మార్చుకునేదానికి వాడు తిరిగి రావాలె గదా. నాకు ఓట్లు పడ్డది గేట్లకు గాదు, తడిసిన పల్లికాయలకు.

దేవరకొండ నుంచి రిటైర్డ్ టీచర్ ఒకాయన: బాబూ, మా మనవడు ఈ సైట్ల గురించి చెప్తుంటే నాకొక అనుమానమొచ్చింది. కొత్తగ చేరినోనికి ఓటు హక్కే లేదంట, మైనస్ వేస్తే వేసినోనికే జుర్మానంట. మనిషికొక ఓటు అని అరవై ఏండ్లు పిల్లలకు చెప్పుకుంట వచ్చినం, ఇదెక్కడి ప్రజాస్వామ్యం?

జవాబు: సార్ నమస్తె. మీ ప్రశ్నకు జవాబు మీ జిల్లలనే ఉంది, మీకు యాదికుండే ఉంటది. 1996 లోక్‌సభ ఎన్నికలల్ల నల్లగొండ సీటుకు 480 మంది నిలబడ్డరు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిపోయినోళ్ల బాధ ఢిల్లీకి వినపడాల్నని జలసాధన సమితి చేసిన పోరాటం అది. బ్యాలెట్టు కాయితం గాదు పుస్తకమైంది, పోలింగే వాయిదా పడ్డది, ఆఖరికి ధర్మభిక్షం గారు గెలిచిన్రు. అదే ఏడాది చట్టం మార్చి, లోక్‌సభకు నిలబడాల్నంటే కట్టే డిపాజిట్ 500 నుంచి 10,000కు పెంచిన్రు (ఎస్సీ, ఎస్టీలకు 5,000), ఇప్పుడైతే అది 25,000. ఇట్ల వందలమంది నిలబడుడు ఒక్క మన కాడనే గాలేదు, తమిళనాడుల మొడకురిచ్చి అసెంబ్లీ సీటుకు అదే ఏడాది వెయ్యి దాటిన్రు.

ఈ సైట్ల కాడ 15, 125 అని గీతలు గీసుడు గూడ డిపాజిట్ లెక్కనే సార్. గీత లేకపోతే ఒక్కడే యాభై ఖాతాలు తెరిచి యాభై ఓట్లేసుకుంటడు, ఆడ ఆధార్ అడిగేటోడు లేడు, వేలుకు సిరా పూసేటోడు లేడు. గని డిపాజిట్ పెంచితే ఉత్తగ తమాషాకు నిలబడేటోడే గాదు, నిజంగ గోస చెప్పుకునేటోడు గూడ ఆగిపోతడు గదా. ఆ 480 మందిల పదివేలు కట్టగలిగెటోళ్లు ఎందరుందురు? అందుకే ఈ రూలు నాకు సగమే నచ్చుతది. తప్పు జవాబు కనపడుతున్నా చేతిల 125 లేక చెప్పలేక కూసున్న కొత్తోళ్లను సాన మందిని జూసిన.

జుర్మాన ముచ్చటకొస్తే ఒక చిత్రం జూడుర్రి. జవాబుకు మైనస్ వేస్తే వేసినోనికి ఒకటి పోతది, ప్రశ్నకు వేస్తే ఏం పోదు. ఫలితమేందంటే ప్రశ్నల మీద మైనస్‌లు ధారాళంగ పడ్తయి, ఎక్కువ దెబ్బతినేది మొన్న చేరిన పిల్లలు, ఇంగ్లీషు సరిగ్గ రాక తడబడుకుంట అడిగెటోళ్లు. ప్రశ్నకు పడే ప్లస్‌కు గూడ సాన ఏండ్లు సగమే, 5 పాయింట్లే, ఇస్తుండిరి, 2019 నవంబర్‌ల దాన్ని 10 చేసిన్రు. అడుగుడు గూడ కష్టమే అని అంత ఆలస్యంగ సమజైంది వాళ్లకు. మీ క్లాసుల మొదటి బెంచి పిలగాడు జవాబు తప్పు చెప్తే ఏమన్నరో, ఆఖరి బెంచోడు ప్రశ్న అడిగితే ఏమన్నరో మీకే ఎరుక సార్, నేనేం అంటలేను.

జడ్చర్ల దగ్గర ఊరికెల్లి ఒక అక్క: అన్నా, మాకు నాలుగెకరాల పత్తి ఉంది. పువ్వు విచ్చుకోకుండ ముడుచుకపోతున్నది. మా ఆయన రైతుల ప్రశ్నల యాప్‌ల ఫోటో పెట్టి అడిగిండు. ఒకాయన రెండు మందులు కలిపి కొట్టుర్రి అన్నడు. ఆయన పేరు పక్కన బంగారు బిళ్ల ఉంది, వేల పాయింట్లున్నయి. మా ఆయన రేపే కొడ్తనంటున్నడు. నమ్మాల్నా?

జవాబు: అక్కా, ముందుగాల బావను ఆగమను. ఇది పత్రికల వచ్చేటాల్లకు ఆలస్యమైతదని మీకు ఫోన్ల గూడ చెప్పిన, గని మిగతోళ్లకు గూడ పనికొస్తదని రాస్తున్న.

బంగారు బిళ్ల మనిషి మీద ఉండదు, మొత్తం కూడిక మీద ఉంటది. ఆయనకు ఆ వేల పాయింట్లు పత్తి మీదనే వచ్చినయా, లేకుంటే ట్రాక్టర్ మైలేజీ మీద, రైతుబంధు పైసలు ఎప్పుడు పడ్తయన్న ప్రశ్నల మీద వచ్చినయా? పేరు మీద నొక్కితే ఆయన రాసిన పాత జవాబులు కనపడ్తయి, పత్తియి ఎన్నున్నయో పది నిమిషాలు చూడుర్రి. స్టాక్ ఓవర్‌ఫ్లోల జాన్ స్కీట్ అని ఒకాయన 2018ల పది లక్షల పాయింట్లు దాటిండు, అంతకు ముందు ఎవ్వరు దాటలే. ఆయన సీ షార్ప్ అనే కంప్యూటర్ భాషల గొప్ప పనిమంతుడు, అనుమానం లేదు. గని ఆ పది లక్షలు చూసి ఆయన్ను పత్తి పురుగు గురించి అడుగుతమా?

పాయింట్లు ఇంకో తీరుగ గూడ మోసం చేస్తయి, ఎప్పుడో రాసిన జవాబు మీద మనిషి పండుకున్నా పడ్తనే ఉంటయి, బత్తాయి తోట లెక్క ఒక్కసారి నాటితే ఏండ్లకేండ్లు కాపు. మందు నిషేధమైనా, పురుగు తీరు మారినా ఆ పాత జవాబుకు పాత ఓట్లు అట్లనే ఉంటయి. బిళ్లల సంగతైతే ఇంకా విచిత్రం. 2013ల స్టాక్ ఓవర్‌ఫ్లో లెక్కలే తీసి చూసిన ఒక పరిశోధనల తేలిందేందంటే, బిళ్ల దగ్గరపడ్డ కొద్దీ జనాలు ఆ పని మస్తు చేస్తరు, చేతికి రాంగనే మళ్ల చల్లబడ్తరు. అంటే బావకు జవాబిచ్చినాయన నిజంగ మీ పత్తి చూసి రాసిండా, బిళ్లకు ఇంకో మూడు జవాబులు తక్కువున్నయని రాసిండా, మనకెట్ల ఎరుక.

నేనైతే జవాబు చెప్పినోడు ఎదురు ప్రశ్న వేసిండా లేదా అన్నది చూస్త. విత్తి ఎన్ని రోజులైంది, గుడ్డిపూలు (విచ్చుకోకుండ ముడుచుకున్నయి) చెట్టుకు ఎన్ని, కాయ పగలగొట్టి చూసిన్రా, రెక్కల పురుగులను వాసనతోని పట్టే లింగాకర్షక బుట్టలు పెట్టిన్రా, పెడితే ఎన్ని పడ్తున్నయి, ఇప్పటిదాక ఏం కొట్టిన్రు? ఒక్కటన్న అడగకుండ రెండు మందుల పేర్లు చెప్పినోన్ని, లక్ష పాయింట్లుండనీయి, నేను నమ్మ. మీరు చెప్పేది జూస్తే గులాబి రంగు పురుగు కావొచ్చు గని చూడకుండ నేను గూడ చెప్పకూడదు. ముడుచుకున్న పూలు నాలుగు, కాయలు నాలుగు తెంపుకోని రైతు వేదిక కాడ ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) సార్‌కు చూపియ్యుర్రి. ఆయన దొరకకపోతే కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551, పైసలు పడవు, పొద్దుగాల 6 నుంచి రాత్రి 10 దాక తెలుగుల మాట్లాడ్తరు.

మిర్యాలగూడ నుంచి ఐదుగురు దోస్తులు: భయ్యా, మేం ఐదుగురం రోజూ పడుకునే ముందు స్టాక్ ఓవర్‌ఫ్లోల ఒకరికొకరం ప్లస్‌లు కొట్టుకుంటున్నం. జాబుకు రెజ్యూమెల చూపియ్యనీకె. తప్పేముంది?

జవాబు: తప్పా ఒప్పా తర్వాత, పట్టుబడ్తరు. ఒకడు ఇంకొకని మీదనే వరుసపెట్టి ఓట్లేస్తున్నడా అని చూసే ప్రోగ్రాం ఆడ రోజూ నడుస్తది, దొరికినయన్నీ వాపసు తీస్తది, మీ ఖాతాల మైనస్ లెక్క కనపడ్తది. ఐదుగురి చిట్టీ ఐదుగురే ఎత్తుకుంటే బయటికెల్లి పైస వస్తదా? ఇంకో ముచ్చట, యాహూ ఆన్సర్స్ అని ఉండె, 2005ల మొదలైంది, మంచి జవాబని ఎంచితే 10 పాయింట్లు ఇస్తుండిరి, ప్రశ్న అడిగితే 5 కోసుకుంటుండిరి. మా కాడ ఒకడు దాని మీద లెవెల్ ఏడు దాక పోతనని డిగ్రీ సప్లీలు పెట్టుకున్నడు. 2021 మే 4న దుకాణం బందైంది. ఆ పాయింట్లు ఇప్పుడు ఏ బ్యాంకుల ఉన్నయో కనుక్కోని చెప్పుర్రి.

నాగర్‌కర్నూల్ నుంచి ఒక చెల్లె: అన్నా, ఇప్పుడు అందరు చాట్‌జీపీటీనే అడుగుతున్నరు గదా, ఇంక ఈ ఓట్లు, పాయింట్లు ఎవరికి గావాలె?

జవాబు: చెల్లె, చాట్‌జీపీటీ 2022 నవంబర్ 30న బయటికొస్తే, వారం తిరగకముందే దానితోని రాపిచ్చిన జవాబులు పెట్టొద్దని స్టాక్ ఓవర్‌ఫ్లో వాళ్లు బంద్ చేసిన్రు. వాళ్లు చెప్పిన కారణం వినదగ్గది, అవి చూడనీకె కరెక్టుగ కనపడ్తయి, క్షణంల తయారైతయి, తప్పులు మాత్రం సాన ఉంటున్నయి అన్నరు. నున్నగ, పొందిగ్గ, నమ్మకంగ రాసి ఉంటే జనాలు నడిపి చూడకుండనే ప్లస్ కొడ్తరని వాళ్లకు ముందే ఎరుక. ఆ రోగం మిషను తేలే, ముందునుంచి మన కాడనే ఉన్నది.

మొన్న మా బామ్మర్ది వాట్సాప్‌ల ఒక ఫార్వర్డ్ పంపిండు, "మన సాగర్ గురించి మీకు తెలుసా" అని. నెహ్రూ పునాదిరాయి ఉంది, తుంపర ఉంది, పల్లికాయలు గూడ ఉన్నయి. గేట్లు 24. కింద ఎవరి పేరు లేదు.